మోకాళ్లు వంగే సిపాయి

అలిపిరిలో ఆనందమ్మ బొమ్మల అంగడికి కూర్చుని ముప్పై నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో ఆవిడ అమ్మిన సిపాయిలందర్నీ ఒకచోట నిలబెడితే ఒక చిన్న దేశాన్ని కాపాడుకోవచ్చు. అయినా ఆవిడకు యుద్ధాల మీద ఆసక్తి లేదు. కొత్త సిపాయి చేతికొస్తే ముందు చూసేది తుపాకీని కాదు, మోకాళ్లను.

దానికి కారణం ఒక మొక్కు. ఇరవయ్యారేళ్ల కిందట, మూడేళ్ల కూతురు సుజనకు కొండ మీద పుట్టెంటుకలు తీయించి, గుండుకు చందనం పూసి బయటికి తెచ్చారు. బిడ్డ చెయ్యి వదిలింది ఒక్క నిమిషమేనని మొగుడు పెంచలయ్య ఈ రోజుకీ అంటాడు. ఆ నిమిషం చాలింది. తిరుమలలో, అదీ శనివారం పూట, చందనం పూసిన గుండును వెతకాల్సిన గతి పగవాళ్లకు కూడా వద్దు. ఆనందమ్మ నలుగురు పరాయి బిడ్డలను ఎత్తుకుంది, ఇద్దరు తల్లుల చేత తిట్లు తింది. చివరికి నడిరోడ్డులో నిలబడి రెండు చేతులూ ఎత్తింది.

"సామీ, నా బిడ్డను సూపిస్తే మోకాళ్లమెట్టు మోకాళ్ల మీద ఎక్కి వస్తా!"

పావుగంటకు సుజన అన్నప్రసాదం వరసలో దొరికింది. ఎవరో అరవ అవ్వ కొంగు పట్టుకుని, ఆమె సొంత మనవరాలన్నంత ధీమాగా నిలబడి ఉంది.

మోకాళ్లమెట్టంటే నడకదారిలో చివర వచ్చే నిటారు మెట్లు. కాళ్లతో ఎక్కినా అక్కడ గోవిందలు వాటంతటవే నోటికొస్తాయి. వచ్చే శుక్రవారం ఎక్కేద్దామనుకుంది ఆనందమ్మ. ఏరు దాటి తెప్ప తగలేసే మనిషి కాదు. కానీ దీపం కింద చీకటన్నట్టు, అలిపిరిలో ఉండేవాళ్లకు కొండెక్కే తీరిక ఎక్కడిది? ఎక్కేవాళ్లకు బొమ్మలమ్మడంతోనే పొద్దు గడిచిపోయేది. శుక్రవారాలు పోయాయి, ఏళ్లూ పోయాయి.

ఈలోగా సిపాయిలు మారారు. అత్తగారు అప్పగించిన అంగట్లో అందరూ కొయ్యసిపాయిలే. ఎర్రకోటు, నల్లమీసం, రెండు కాళ్లూ కలిపి ఒకటే కట్టె. తర్వాత కవరుకు యాభై మంది చొప్పున పచ్చ ప్లాస్టిక్ సిపాయిలొచ్చారు. కాళ్లు విడివడ్డాయి గానీ పాదాలు పలకకు అతుక్కుపోయి ఉండేవి. కొందరైతే ఒక మోకాలి మీద కూర్చునే పుట్టారు, ఇక లేచేది లేదు. ఆ తర్వాత బ్యాటరీ సిపాయి వచ్చాడు. మోచేతుల మీద జానెడు దూరం పాకి, ఆగి, గడగడా కాల్చి, మళ్లీ పాకేవాడు. వాణ్ణి మొదటిసారి చూసిన సత్యవేడు రైతు ఒకాయన భక్తిగా చేతులు జోడించాడు.

"ఏం మొక్కుకున్నాడో ఏమో, బలే కష్టపడతా ఉండాడు పాపం."

ఆ మాట ఆనందమ్మకు గుండెలో తగిలింది. వారం రోజులపాటు ఆ సిపాయిలకు బ్యాటరీలు వెయ్యలేదు.

ఆరేళ్ల కిందట కీళ్ల సిపాయి దిగాడు. టోపీ తీయొచ్చు, బూట్లు విప్పొచ్చు, మెడ, మోచేతులు, మణికట్లు అన్నీ తిరుగుతాయి. ఆనందమ్మ వాణ్ణి పెట్టెలోంచి తీసి బల్ల మీద మోకాళ్లు వంచింది. టక్కుమని వంగాయి. అప్పటికి ఆవిడవి వంగడం మానేశాయి. సిపాయిల కీళ్లు వదులయ్యేకొద్దీ ఆవిడ కీళ్లు పట్టేస్తూ వచ్చాయి. డాక్టరు నేల మీద కూర్చోవద్దన్నాడు, మెట్ల మాటే ఎత్తొద్దన్నాడు. మొక్కు సంగతి ఆవిడ ఆయనకు చెప్పలేదు. చెబితే మాత్రం ఏం చేస్తాడు, మాత్ర రాస్తాడు.

అసలే కొండ మీది సామి వడ్డీకాసులవాడు. సుజన పదో తరగతి లెక్కల్లో తప్పింది, అది వడ్డీ. కామెర్లొచ్చాయి, అదీ వడ్డీయే. మొన్నటి వానల్లో సుజన తిరుపతిలో తను పనిచేసే ల్యాబుకు వెళ్తూ స్కూటరు మీద నుంచి పడింది. మోచెయ్యి చెక్కుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. కానీ ఆనందమ్మ అన్నం ముట్టడం మానేసింది. ఇచ్చినవాడు ఇచ్చిన బిడ్డను తిరిగి తీసుకుంటాడేమోనని ఆవిడ భయం. ఇరవయ్యారేళ్లుగా ఆవిడకున్నది ఆ ఒక్క భయమే.

మూడో రోజు పక్కన పూలమ్మే దేవకమ్మ ఉపాయం చెప్పింది.

"కాలు బాగలేనోళ్లు గుడికి వెండికాలు ఇస్తారు గదక్కా? నీకు మోకాళ్లు లేవు. ఈ సిపాయోడికి ఉండాయి. వాణ్ణి పంపు."

ఆనందమ్మ నవ్వలేదు. బాగా ఆలోచించింది. "నా బదులు వచ్చినాడని సామికి ఎట్లా తెలస్తాది?"

"పేరు, గోత్రం చెప్పి పంపితే తెలీదా?"

సుజనకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. అమ్మ అన్నం తింటే చాలని ఒప్పుకుంది. శుక్రవారం పొద్దున్నే సిపాయికి సన్నాహం జరిగింది. కొండకు ఆయుధాలు పనికిరావని ఆనందమ్మ తుపాకీ లాక్కుంది. బూట్లు విప్పింది. టోపీ తీస్తే వాడికి గుండే ఉంది. "మంచిదే," అంది. వాడి చెవిలో తన పేరూ గోత్రమూ చెప్పి కూతురి చేతికిచ్చింది.

పదిన్నరకు సుజన వీడియో కాల్ చేసింది. ఆనందమ్మ, దేవకమ్మ తలలు ఆనించి చూశారు. సుజన ఒక చేత్తో ఫోను పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా సిపాయిని మోకాళ్ల మీద నిలబెడుతోంది, ఎత్తుతోంది, పై మెట్టు మీద మళ్లీ నిలబెడుతోంది. జనం ఆగి చూస్తున్నారు.

"ఏంది పాపా ఇది?" అని ఒకాయన అడిగాడు.

"మా అమ్మ," అంది సుజన.

ఆయన తలాడించి వెళ్లిపోయాడు. మెట్టుమెట్టుకూ పసుపుకుంకుమలు పెట్టుకుంటూ వస్తున్న ఒకావిడ, ఏమీ అడక్కుండా సిపాయి నుదుటికీ ఒక బొట్టు పెట్టింది.

సగం పైన ఎక్కాక టక్కుమంది. సిపాయి ఎడమకాలు మోకాలి దగ్గర విరిగి, దొర్లుకుంటూ కిందికి పోయింది.

ఆనందమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది. "సామి ఒప్పుకోలేదు," అంది. "నేను రాలేదని ఆయనకు తెలిసిపోయింది."

ఫోన్లో కాసేపు ఆకాశం కనిపించింది, తర్వాత సుజన చేతిసంచీ. ఆ తర్వాత మెట్టు అంచు బాగా దగ్గరగా కనిపించింది. ఒక పెద్ద ఊపిరి వినబడింది. మరో మెట్టు, మరో ఊపిరి. కూతురు ఎక్కుతున్నది ఎలాగో ఆనందమ్మకు అర్థమైంది.

"మే సుజనా, లెయ్యి! మోకాళ్లు పగిలిపోతాయి! మొక్కుకునింది నేను గదా, నువ్వెందుకు ఎక్కేది?"

సుజన మెట్టు మీద ఆగి ఫోను తన వైపు తిప్పుకుంది. మొహమంతా చెమట.

"దొరికింది నేను గదమ్మా," అంది, మళ్లీ కదిలింది.

ఆనందమ్మ ఫోను దేవకమ్మ చేతిలో పెట్టి, బేరానికొచ్చిన వాళ్లందరి ముందూ భోరున ఏడ్చింది. బిడ్డ దొరికిన రోజు కూడా ఆవిడ అంత ఏడవలేదు.