అవ్వ దండలో పంది

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇంటరు ఎలాగో గట్టెక్కి, ఆత్మకూరులో ఒక వెండి కొట్టులో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగంలో చేరానో లేదో, సేటుకంటే నాకే ఎక్కువ తెలుసన్న నమ్మకం కుదిరిపోయింది. పల్లెల నుంచి ఆడవాళ్లు పాత రూపాయల దండలు తెచ్చేవారు. రాణీనా, బోడితల రాజా, కిరీటం రాజా అని వాటి మీది తెల్లదొరల తలలు చూసి పోల్చేదాన్ని. (సంవత్సరం మాత్రం అడక్కండి. తల బయటికీ సంవత్సరం ఒంటికీ ఉండేలా గుచ్చుతారు కాబట్టి అది ఎప్పుడో అరిగిపోయి ఉండేది.) "రింగు అతికించినాక అది రూపాయి కాదు పాపా, ఉత్త వెండి. తూకానికే కొనాల" అనేవాడు సేటు. "పంది రూపాయైతే మాత్రం రింగున్నా అడిగేవాళ్లుండారు. మురికి తోమబాక, తోమితే విలువ పోతాది." కిరీటం రాజు అంగీ మీది గొలుసుకు ఒక బుల్లి ఏనుగు బొమ్మ ఉంటుంది. మొదట్లో కొట్టిన వాటిలో తొండం పొట్టిదై, అది పందిలా కనబడి గోల జరిగితే, తర్వాత అచ్చు మార్చారట; ఆ మొదటివే పంది రూపాయలు. ఇంత విద్య ఒంటబట్టాక ఊరుకోవడం నా వల్ల అయ్యే పనేనా?

ఆ ఆదివారమే భూతద్దం పట్టుకుని (కొట్టుదే, అడక్కుండా తెచ్చాను) ఉదయగిరి బస్సెక్కాను. అక్కడ మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కొండ కింద మేకలు పెట్టుకుని ఉండేది. ఆమె మెడలోని రూపాయల దండ స్నానానికీ నిద్రకూ కూడా తీసేది కాదు. అందులో నడిమి రూపాయి వాళ్లమ్మ మేకలు కాసి దాచుకుని, పెళ్లినాడు కూతురి చేతిలో పెట్టినది. ఆ తల్లికి ఫోటో లేదు, గుర్తుగా ఇంకో వస్తువూ లేదు. ఏ కష్టమొచ్చినా అవ్వ బొటనవేలు ఆ రూపాయినే తడుముకునేది. నేను ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, దండ మెడలో ఉండగానే పరీక్ష మొదలుపెట్టాను. "ఏందే, డాక్టరమ్మ మాదిరి?" అని అవ్వ ఒకటే నవ్వు. నడిమి రూపాయి దగ్గర నా అద్దం ఆగిపోయింది. నల్లటి మురికిలో లావు ఒళ్లు, పొట్టి మూతి.

"అవ్వా, పంది! నీ దండలో పంది ఉండాది!" అని వీధంతా వినబడేలా అరిచాను.

అవ్వ నవ్వు ఆగిపోయింది. "మా అమ్మిచ్చిన రూపాయిలోనా? ఇన్నాళ్లూ పందిని మెడలో ఏసుకోని దేవుడికి దండం పెట్టినానా?"

"నిజానికి అది ఏనుగే అవ్వా, పంది మాదిరి కనబడతాదంతే."

"నువ్వే గదే అద్దం పెట్టి చూసి పందన్నావు!"

(దేవుడే వరాహావతారం ఎత్తాడన్న సంగతి నాకు తిరుగు బస్సులో గుర్తొచ్చింది.) సాయంత్రానికల్లా వీధి పిల్లలు ఆమెను పందుల అవ్వను చేసేశారు. అవ్వ దండ తీసి పాత చీర ముక్కలో చుట్టి పెట్టెలో పెట్టేసింది. పోనీ అమ్ముదామా అంటే, "మా అమ్మను అమ్ముకుంటానా? ఆడ్నే ఉండనీ" అంది. తర్వాత నేను ఎంత చెప్పినా వినలేదు, మళ్లీ వేసుకోలేదు. అలవాటు కొద్దీ బొటనవేలు మాత్రం ఎదమీదికి వెళ్లేది, అక్కడేమీ దొరక్క దిగిపోయేది. అది చూసినప్పుడల్లా నాకు ప్రాణం ఉసూరుమనేది.

అవ్వ పోయాక ఆ మూట నా దగ్గరికి చేరింది. చాలాకాలం విప్పలేదు. మొన్నీమధ్య చత్వారం అద్దాలు పెట్టుకుని, సేటు మాట పక్కనబెట్టి, దండను కుంకుడు రసంలో నానేసి పాత బ్రష్షుతో తోమాను. నల్లటి నీళ్లు కారాయి. నడిమి రూపాయిలో పొట్టి మూతి మెల్లగా సాగి, వంపు తిరిగి, నిక్షేపంలాంటి తొండమైంది. అది అసలు పంది రూపాయే కాదు, తూకానికి కొనే మామూలు రూపాయి. "అవ్వా, ఏనుగేనే" అని పైకే అన్నాను. ఇంట్లో ఎవరూ లేరు.

ఆ దండ ఇప్పుడు నేను వేసుకుంటున్నాను. భూతద్దం పట్టుకుని ఎగిరిన ఆ పిల్ల కనబడితే తిట్టను గానీ, ఆ అద్దం లాక్కుని చేతిలో నాలుగు కుంకుడుకాయలు పెడతాను.