అర కిలో కోసం ఆగిన రెండేళ్లు

మా బాపు పిసినారి కాడు. ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు నొచ్చింది కానీ మా చుట్టాల్లో ఒక్కరి చెవికీ ఎక్కలేదు, పెళ్లిళ్లలో బంతిభోజనాల దగ్గర, పురుళ్లలో, ఆఖరికి బాపు సంవత్సరీకం నాడు కూడా అందరూ అదే కథ చెప్పుకొని నవ్వుకున్నారు. మొన్న ఆదివారం మా నిజామాబాద్ ఇంట్లో, నా కూతురి ముందే, మా అన్న దాన్ని మళ్లీ విప్పేసరికి, ఇక నోటితో కాదు, కాగితం మీద పెట్టాల్సిందే అనిపించింది.

సంగతేమంటే, ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న నా కూతురికి కొత్త ల్యాప్‌టాప్ కావాలి. కొందాం పదమంటే కదలదు. ఇంకా ఏ దుకాణానికీ రాని, ఎవరూ కంటితో చూడని మోడల్ ఒకటి దసరాకు దిగుతుందట. దాని రంగులేమిటో, మూత ఎంతవరకు వెనక్కి వంగుతుందో, ఒకసారి చార్జి పెడితే ఎన్ని గంటలు నిలుస్తుందో అన్నీ దానికి కంఠతా వచ్చు. ధర మాత్రం ఒకడు ఒకటి చెబితే ఇంకొకడు ఇంకొకటి చెబుతున్నాడు. పుట్టబోయే బిడ్డ జాతకం మీద వాదించుకున్నట్టు ముక్కూ మొహం తెలియని వాళ్లతో వారం రోజులుగా ఫోనులో టైపు చేస్తూ వాదులాట. ఇప్పుడే కొంటే నష్టం మమ్మీ, రెండు నెలలు ఆగుదాం అన్నది.

ఆ ఒక్కమాట చాలు మా అన్నకు.

"తాత పోలికే అచ్చింది పిల్లకు. మీ అమ్మను గూడ గిట్లనే రెండేండ్లు ఆపిండు, పది వేలు తగ్గుతయని" అని చాయ్ కప్పు కింద పెట్టి మరీ నవ్వాడు.

పది వేల కోసం కాదు. అర కిలో కోసం. ఆ తేడా మా అన్నకు ఈ జన్మలో అర్థం కాదు కనుక మీకు చెబుతాను.

మాది బోధన్ పక్కన పల్లె. ఊరు మా అవ్వది, అంటే అమ్మది, బాపు ముప్కాల్ వైపు నుంచి ఇల్లరికం వచ్చినవాడు. అవ్వ వాళ్లది చెరకు కుటుంబం, బాపు వాళ్లది పసుపు కుటుంబం, మా ఇంట్లో జరిగిన పోట్లాటలన్నిటికీ మూలం అదేనని నా గట్టి నమ్మకం. చెరకు ఆగదు. ఫ్యాక్టరీ నుంచి కోతకు ఆర్డరు వచ్చిందంటే అన్నం ముందున్నా లేవాల్సిందే, కొట్టిన గడ ఒక్కరోజు ఎండలో పడుంటే బరువు తగ్గిపోతుంది. పసుపు అలా కాదు. ఉడకబెట్టి, ఎండబెట్టి, సంచుల్లో కుట్టి లోపలి అర్రలో పెట్టుకుంటే ఏడాదైనా ఉంటుంది, రేటు నచ్చిననాడే మార్కెట్ యార్డుకు తోలుకోవచ్చు. అందుకే అవ్వ ఏ పనైనా ఇప్పుడే కావాలనేది, బాపు ఏ పనికైనా చూద్దాం తియ్ అనేవాడు. చెరకు నడుమ తన పంతం కొద్దీ రెండెకరాల్లో బాపు పసుపే వేసేవాడు. మా ఇంట్లో దుప్పట్లు, పుస్తకాలు, నా డిగ్రీ పట్టా కాగితాలు కూడా పసుపు వాసనే వేసేవి.

ఇరవై నాలుగేళ్ల కిందటి సంగతి. నేను నిజామాబాద్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ, రోజూ బోధన్ బస్సులో వస్తూ పోతూ, మరోపక్క ఎం.ఫిల్. థీసిస్ రాసుకుంటున్నాను. కాలేజీలో కంప్యూటర్ల గదికి నాలుగింటికే తాళం వేసేవారు. బయట టైపు చేయించుకుందామంటే, మా గైడు వారానికోసారి అధ్యాయమంతా తిరగరాయించేవారు. సొంతంగా ఒక ల్యాప్‌టాప్ ఉంటే ఇంట్లో కూర్చొని పూర్తిచేసుకుంటానని బాపును అడిగాను. బాపు కాదనలేదు. దానికి సాక్ష్యం నేనే. ఏదైనా కొనేముందు దాని సంగతి తెలవాలె గదా అన్నాడు, అంతే.

అప్పట్లో పేపరు ఆదివారం సంచికలో వెనక పేజీలో రాబోయే కంప్యూటర్ల గురించి ఒక శీర్షిక వచ్చేది, నా ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది. వచ్చే మోడల్ ఎలా ఉండవచ్చు, ధర ఎంత పలకవచ్చు, అన్నీ 'వచ్చు'లే. పొద్దుటి బస్సులో పేపరు దిగగానే బాపు దాన్ని ఆ పేజీ పైకి వచ్చేలా మడిచి, కాళ్లు కడుక్కొని, పసుపు సంచికి వీపు ఆనించి కూర్చుని నన్ను పిలిచేవాడు. తెలుగు చక్కగా చదవగలడు, కానీ అది తెలుగు అక్షరాల్లో రాసిన ఇంగ్లీషు. అందుకని నేను చదవాలి, ఆయన వినాలి. మెమరీ, ప్రాసెసర్ దగ్గర తల ఊపి వదిలేసేవాడు గానీ బ్యాటరీ దగ్గర మాత్రం నన్ను ఆపేవాడు. మోటారుకు కరెంటు వంతులవారీగా వచ్చే చోట బతికిన మనిషి కదా, ఎన్ని గంటలన్న మాట ఆయనకు విడమరిచి చెప్పనక్కరలేదు. రెండు గంటలే నిలిచేది వద్దే వద్దు అని మొదటి నెలలోనే తేల్చేశాడు.

ఒక ఆదివారం ఆ శీర్షికలో బరువు కూడా రాశారు, మూడు కిలోలని. బాపు లేచి అర్రలోకి పోయి, నా కాలేజీ సంచి తెచ్చి, తక్కెడలో మూడు కిలోల పసుపు కొమ్ములు తూచి అందులో పోసి, మూతి ముడేసి గోడకు తగిలించాడు.

"రేపు గిది ఏసుకొని పో బిడ్డ. సాయంత్రం చెప్పు."

నేను చదివిన ఎం.సి.ఏ. అంతా ఉపయోగించి వాదించాను. తెల్లారి చూస్తే ఆ కొమ్ముల మీదే నా టిఫిన్ డబ్బా పెట్టి సిద్ధంగా ఉంచాడు. డబ్బా వదులుకోలేక సంచి కూడా మోసుకుపోయాను. సోమవారం బస్సు, బోధన్ నుంచి నిజామాబాద్ దాకా నిలబడే ప్రయాణం. కొమ్ములు ఒకదానికొకటి రాసుకొని పొడి రాలి, దిగేసరికి నా తెల్ల చీర కుచ్చిళ్ల మీద చెయ్యంత పసుపు మరక. స్టాఫ్ రూంలో లెక్కల మేడం ముక్కు ఎగబీల్చి, "ఏం మేడం, నలుగు పెట్టుకోని సక్కగ కాలేజీకే అచ్చిండ్రా, పెండ్లికొడుకేడి?" అని అడిగింది.

సాయంత్రం ఊళ్లో బస్సు దిగితే బాపు స్టాపులోనే ఉన్నాడు. బరువేమీ లేదు, హాయిగా మోశాను అన్నాను. అబద్ధం. కానీ ఓడిపోవడం నాకు ఎన్నడూ అలవాటు లేదు. బాపు నా మొహం చూడలేదు, సంచి వైపు చూశాడు.

"కుడి భుజం మీద పోయింది, ఎడమ భుజం మీద అచ్చింది. బరువే. రెండున్నర కిలోలది అస్తదని రాసిండు గద, ఆగుదాం."

ఇదీ అసలు కథ. పది వేల ముచ్చట ఇందులో ఎక్కడుందో మా అన్న చూపించాలి.

అయితే బాపు ధర అడగలేదా అంటే, అడిగాడు. పసుపు యార్డుకు పోయినప్పుడల్లా, సరుకు అమ్మిపెట్టే ఆడ్తిదారును రాబోయే ల్యాప్‌టాప్ రేటు వాకబు చేసేవాడు. "పటేలా, అందరు పసుపు రేటు అడుగుతరు, నువ్వేందయ్యా గీ కంప్యూటర్ రేటు అడుగుతవు" అని ఆయన ఆటపట్టిస్తే, ఆగితే పసుపు రేటు పెరుగుతుంది, ఆగితే దీని రేటు తగ్గుతుంది, ఎటు చూసినా ఆగినోడిదే లాభమని బాపు జవాబు. దీన్ని ఖండించే పాయింటు నాకు ఈనాటికీ దొరకలేదు, మీకు దొరికితే చెప్పండి.

కానీ రెండున్నర కిలోలది వచ్చేసరికి దాని బ్యాటరీ రెండు గంటలే అని తేలింది. బ్యాటరీ బాగున్నది వచ్చేసరికి బరువు మళ్లీ మూడు దాటింది. రెండూ కుదిరినదాని ధర వింటే అవ్వ కూడా నోరు మూసుకుంది. ప్రతి ఆదివారం పేపరు, పసుపు సంచి, ఆ పక్క బాపు, ఈ పక్క నేను, వచ్చేదాని మీద ఊహాగానాలు. మిగతా ఆరు రోజులూ మా ఇద్దరికీ మాటలు తక్కువ. బస్సు దొరికిందా, తిన్నావా, అంతే. ఆ ఒక్క పేజీ మీద మాత్రం గంటన్నర కొట్లాడుకునేవాళ్లం. ఎదురింటి వాళ్లు తగాదా అనుకొని ఒకసారి తొంగి చూసిపోయారు.

ఇక్కడొక పాపం ఒప్పుకోవాలి. బాపు పిసినారితనం కథను పుట్టించింది నేనే. ల్యాప్‌టాప్ ధర పసుపు ధరకు దిగేదాకా మా బాపు కొనడని స్టాఫ్ రూంలో చెప్పి అందరినీ నవ్వించాను. ఆ నవ్వులు బాగుండి ఇంట్లోనూ చెప్పాను. మా అన్న చేసిందల్లా దానికి పది వేలు తగిలించడం.

రెండో ఏడు చివర థీసిస్ గడువు ముంచుకొచ్చింది. ఒకసారి గడువు పొడిగించారు, ఇంకోసారి కుదరదన్నారు. ఆ ఆదివారం బాపు వచ్చే సంక్రాంతికి వచ్చే మోడల్ గురించి చదవమన్నాడు. నేను చదవలేదు. నీ అర్రల పసుపు తీరు నా చదువును గూడ దాచిపెట్టి పురుగు పట్టిస్తున్నవు బాపూ అన్నాను. ఆ ఏడు రేటు కోసం ఆగీ ఆగీ నిజంగానే నాలుగు సంచులకు పురుగు పట్టింది. తెలిసే అన్నాను. బాపు లేచి చేనుకు పోయాడు. పొయ్యి దగ్గరి నుంచి అవ్వ మాత్రం నా పక్షమే మాట్లాడింది, "కొట్టిన చెరుకు గట్టు మీద పెట్టుకోని కూసుంటరా ఎవలన్న? కొనుక్కోపో" అని. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆమె చూపు బాపు పోయిన దారి మీదే ఉంది.

జీతం వచ్చిన రోజు నిజామాబాద్‌లో దుకాణానికి పోయి, ఉన్నవాటిలో కిస్తీల మీద ఇచ్చేదాన్ని పట్టుకొచ్చాను. ఇంట్లో బాపు దాన్ని రెండు అరచేతుల్లోకి తీసుకున్నాడు. మూత తెరవలేదు. పసుపు తూకం అంచనా కట్టినట్టు ఒకసారి పైకీ కిందకీ కదిపి చూసి, "మూడు మీదనే ఉన్నది" అని జాగ్రత్తగా మంచం మీద పెట్టాడు. ఆ తెల్లవారి నుంచి నేను ఆ కాలేజీ మానేసేదాకా ప్రతిరోజూ ఆ సంచిని బస్టాపు దాకా ఆయనే మోశాడు. వద్దని కసిరాను, గుంజుకున్నాను, వినలేదు. బస్సు వచ్చి ఆగేదాకా కింద కూడా పెట్టేవాడు కాదు. ఇంటి దగ్గర ఏ భుజం మీద పెట్టుకున్నాడో బస్టాపులోనూ అదే భుజం మీద ఉండేది. అది నాకు చూపించడానికేనని నా అనుమానం.

థీసిస్ గడువుకు మూడు రోజుల ముందే అయింది. అది ఇప్పుడెక్కడుందో నాకే తెలియదు.

నాకు గుర్తున్నది అది కాదు. కొన్న తరువాతి ఆదివారం. ఎప్పటిలాగే పేపరు వచ్చింది, ఎప్పటిలాగే బాపు వెనక పేజీ పైకి మడిచి, కాళ్లు కడుక్కొని, సంచికి ఆనుకొని నన్ను పిలిచాడు. నేను కొత్త ల్యాప్‌టాప్ ముందు కూర్చొని ఉన్నాను. తల ఎత్తకుండానే, కొన్నం గద బాపూ, ఇంకా అదెందుకు అన్నాను.

"అవు గద" అన్నాడు.

పేపరును ఇంకో మడత పెట్టి కిటికీలో ఉంచాడు. సాయంత్రం అవ్వ దాన్ని తీసి పచ్చడి జాడీల కింద పరిచింది. ఆ తరువాత బాపు ఆదివారం నన్ను పిలవలేదు.

బాపు పోయి పదకొండేళ్లయింది. ఇప్పుడు నా కూతురు చూస్తున్నది కిలోకు కాస్త ఎక్కువట, పొద్దంతా నిలుస్తుందట. బాపు అడిగినవన్నీ వచ్చాయి. అడిగిన మనిషి లేడు. ఇల్లు చిన్నదే అయినా పిల్ల మంచం మీద ఫోనుతో, నేను వంటింట్లో. దాని వాదులాటలో ఒక్క మాట నాకు వినబడదు. మొన్న మా అన్న వెళ్లాక, దసరా దాకా ఆగుదాం గానీ ఆ రాబోయేదాని సంగతి కాస్త పైకి చదవమని అడిగాను. వింతగా చూసింది, కానీ చదివింది. నేను బ్యాటరీ దగ్గర ఆపాను.

మా అన్నకు జవాబు చెప్పడం అయిపోయింది. నాకే ఒక జవాబు కావాలి. జాడీల కిందికి పోయిన ఆ ఆదివారం పేపరు వెనక పేజీలో, బాపు చదవమని మడిచి పట్టుకున్న చోట, ఏ మోడల్ గురించి రాశారు, దాని బరువెంత?