కాపీల గది గడియ

దయ్యాలూ భూతాలూ అంటే నాకు మొదటినుంచీ నవ్వే. నేను కెమిస్ట్రీ టీచర్ని. ఇది రాస్తున్నానని తెలిసి మా ఆయన అప్పుడే ఏడిపించడం మొదలుపెట్టారు.

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రెండో ఏడు, కాకినాడ నుంచి డర్బన్ వచ్చి షాల్‌క్రాస్‌లో ఒక హైస్కూల్లో చేరాను. ఎప్పుడో చెరకు తోటలకు వచ్చిన మనవాళ్ళ మునిమనవలు అక్కడ చాలామందే ఉన్నారు కానీ మాట్లాడేది ఇంగ్లీషే. ఫోటోకాపీ మెషీన్ వస్తుంది, వస్తుంది అంటూనే ఉన్నారు. అందాకా పాత స్పిరిట్ మెషీనే గతి. చేత్తో తిప్పితే ఊదారంగు అక్షరాలతో తడి కాగితాలు వచ్చేవి. ఆ స్పిరిట్ అంటే మిథైల్ ఆల్కహాల్. అది కళ్ళు పోగొడుతుందని పిల్లలకు బోర్డు మీద రాసి మరీ చెప్పేదాన్ని.

పరీక్షలప్పుడు మా స్కూల్లో ఒక పద్ధతి ఉండేది. ప్రశ్నపత్రాలు బయటికి పొక్కకుండా, కాపీలు తీసేవాళ్ళు లోపల గడియ పెట్టుకోవాలి. కిటికీ కూడా మూసేయాలి. ఇంత చదువుకుని నేనూ అలాగే మూసుకుని కూర్చున్నాను. అప్పుడు నాకు మూడో నెల. పెళ్ళయిన ఏడేళ్ళకు నిలిచిన కడుపు. మా ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మధ్యాహ్నం రెండు దాటింది. తల దిమ్మెక్కింది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి. కాస్త ఆగి మిగతావి తీద్దామని నేల మీద కూర్చున్నాను. ఇక లేవలేకపోయాను.

అప్పుడు ఎవరో నా మణికట్టు పట్టుకున్నారు. ముసలి చెయ్యి, గరుగ్గా ఉంది.

"లెగు పిల్లా! లోపట బిడ్డని పెట్టుకొని ఈ వాసనలో కూసుంటావా? లెగు, బైట ఎల్లు!"

తెలివొచ్చేసరికి వరండాలో ఉన్నాను. తలుపు బార్లా తెరిచి ఉంది. గడియ నేను తీయలేదు. పోనీ, తీసి మరిచిపోయాననే అనుకుందాం. మణికట్టు మీద ఊదారంగు వేలిముద్రలున్నాయి. నా చేతులనిండా అదే రంగు కాబట్టి వాటినీ లెక్కలోకి తీసుకోను.

ఆఫీసులో పనిచేసే పుష్పకు ఆ తిట్టు ఉన్నదున్నట్టు తెలుగులోనే చెప్పాను. ఆమె మొహం మారిపోయింది. అది రత్నం ఆంటీ తిట్టే తీరేనంది. ఆవిడ ఇరవై ఏళ్ళకు పైగా ఆ మెషీన్ తిప్పి, చూపు పోయాక ఉమ్‌కోమాస్ అనే ఊళ్ళో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట.

"ఎప్పుడు పోయారు?" అన్నాను.

"పోవడమేంటి మ్యాన్! మొన్న కూడా ఫోన్‌లో నన్ను తిట్టింది," అంది పుష్ప ఇంగ్లీషులో.

ఆ ఆదివారమే పుష్పా నేనూ ఆమె దగ్గరికి వెళ్ళాం. సరిగ్గా నేను కాపీల గదిలో పడిపోయిన మధ్యాహ్నమే, కుర్చీలో కునుకు తీస్తున్న తల్లి దిగ్గున లేచి తెలుగులో కేకలేసిందని కూతురు చెప్పింది. తనకు అర్థం కాలేదట. నేనింకా ఎవరో చెప్పుకోకముందే ఆ ముసలామె నా వైపు తిరిగి, "బిడ్డ బాగుందా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మిగిలిన నెలలన్నీ ఒకటే భయం. ఆ గది గాలి నా బిడ్డను ఏం చేసిందోనని. పాప పుట్టాక, మూడో నెలలో తీసుకెళ్ళి ఆమె ఒడిలో పెట్టాను. ఆ రోజు అక్కడికి ఎలా వచ్చావని అడిగే తీరాలనుకున్నాను.

ఆమె పాప కనురెప్పల్ని వేళ్ళతో మెల్లగా తడిమింది.

"కండ్లు కనపడతాదా?"

"కనపడతాయి అమ్మమ్మా. నిన్నే చూస్తోంది," అన్నాను.

ఆమె ఆ చూపులేని కళ్ళతోనే నవ్వింది. అడగాలనుకున్నది వదిలేసి పాపను ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిపాను. జవాబు ఇప్పటికీ తెలియదు.