నాన్న తెచ్చిన రాగి తీగ

మా అబ్బాయి స్పీకర్లకు కొత్త కేబుల్ బిగించి, "తేడా తెలుస్తోందా?" అన్నాడు. ఆ రాగి మెరుపు చూడగానే హోసూరులోని మా పెరడు గుర్తొచ్చింది.

రికార్డు ప్లేయర్ స్పీకరు కోసం నాన్న బెంగుళూరు నుంచి రాగి తీగ తెచ్చి, బిగించమని చిన్నాయనకు చెప్పాడు. సాయంత్రం ఇరుగుపొరుగును పిలిచి, "కొత్త తీగప్పా, వీణ ఎంత తేటగా పలుకుతుందో వినండి" అన్నాడు. అందరూ తలలూపారు. నాకూ తేటగానే వినిపించింది.

మర్నాడు చిక్కుడుకాయలు కోయబోతే, పందిరికి చుట్టి ఉన్నది ఆ తీగే. నిర్ఘాంతపోయాను.

"కిటికీలో పడుండె. పందిరి వాలిపోతాంటే కట్టినాను. మీ చిన్నాయనతో పాతదే ఉండనీ అన్నాను," అంది అవ్వ. "మీ నాయనకు చెప్పొద్దు."

చెప్పలేదు. చాలా రోజులు అద్దంలో నా చెవులనే అనుమానంగా చూసుకున్నాను.

"తెలుస్తోంది," అన్నాను అబ్బాయితో. భయమేమిటంటే, నిజంగానే తెలిసింది.