దుర్గారావు నాలుగు పొగగొట్టాల ఓడ

టేకు చెక్కలో నాలుగు పొగగొట్టాలు చెక్కి, వెంట్రుకవాసి వంకర లేకుండా నిలబెట్టడమే దుర్గారావు సాధించిన మొదటి విజయం. పదిహేడుసార్లు విరిగాయి. పద్దెనిమిదోసారి నిలిచాయి. కళ్ళారా చూశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను.

నా సంగతీ చెప్పాలి. చదివింది వీధిబడిలో అయిదో తరగతి. తాళ్ళరేవులో కాగితం మీద గీత గీయకుండా పదకొండు పడవలు కట్టి నీళ్ళలోకి దింపాను. కువైట్ వచ్చి పద్నాలుగేళ్ళు. అర్దియాలో మా కఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, వడ్రంగి షాపుకి పెద్దమేస్త్రీని నేనే. ఆయన దివానియాలో, అంటే మగవాళ్ళు చేరి కబుర్లాడే హాల్లో, అద్దాల బీరువా నడిమి అరలో నేను చేసిన తెరచాప ఓడ బొమ్మ ఉండేది.

తర్వాత యానాం నుంచి దుర్గారావు దిగాడు. వాళ్ళ తాత ఫ్రెంచివాళ్ళ యుద్ధనౌకలో బొగ్గు వేసేవాడట. స్పాహీ తరగతి డిస్ట్రాయరు. మొదటి ప్రపంచయుద్ధానికి ముందు కట్టినవి, ఏడే ఏడు. తాత దాచిన ఫొటో ఒక్కటి చూసి మూరన్నర బొమ్మ చేశాడు.

"ములక్కాడలా ఉందిరా, కడుపే లేదు. నీళ్ళలో పెడితే బోర్లా పడుద్ది" అన్నాను.

"పరిగెత్తేదానికి కడుపెందుకు మావయ్యా? మీది బియ్యం మోస్తది, నాది టార్పెడో ఏస్తది" అన్నాడు.

షాపంతా నవ్వింది. కఫీల్ ఆ ములక్కాడని నడిమి అరలో పెట్టి, నా ఓడని చెప్పుల స్టాండు పక్కకి దింపించాడు. రెండేళ్ళు ఆ దారిన తల తిప్పుకునే నడిచాను.

ఈ ఆగస్టులో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. కఫీల్ కుటుంబం సౌదీ వెళ్ళిపోయింది. ఇంటికి మేమిద్దరమే కాపలా. సెప్టెంబరులో ఓ ఆఫీసరు జవాన్లతో వచ్చి టీవీలు, తివాచీలు లారీకెక్కించాడు. నా ఓడని బూటుతో పక్కకి నెట్టాడు. డిస్ట్రాయర్ని మాత్రం పసిబిడ్డలా రెండు చేతుల్తో ఎత్తుకున్నాడు. దోచుకునేవాడి కంటికీ అదే ఆనింది!

"ఇది చేసిందెవరు?" అని అరబ్బీలో అడిగాడు.

"నేనే" అన్నాను. కడుపులో రెండేళ్ళ మంటే నాచేత ఆ మాట అనిపించింది.

"బాగుంది. బస్రాలో మా ఇంటికి ఇంకోటి చెయ్యాలి. యల్లా, లారీ ఎక్కు."

అక్కడికి పోయినవాడు తిరిగొస్తాడని ఎవరు చెప్పగలరు? అప్పుడు దుర్గారావు ముందుకొచ్చాడు.

"ఆయన చేసింది ఆ కిందది సార్. ఇది నాది" అని జేబులోంచి తాత ఫొటో తీసి ఓడ పక్కన పెట్టాడు. ఆఫీసరు పొగగొట్టాలు లెక్కపెట్టి నన్ను వదిలేశాడు.

లారీ ఎక్కుతూ, "నడిమి అర ఖాళీ అయింది మావయ్యా, ఇక మీదే!" అని నవ్వాడు.

నా ఓడని అక్కడ పెట్టాను. రెండురోజులు చూసుకున్నాను. మూడోరోజు తీసేశాను. మనవాళ్ళని ఇండియా విమానం ఎక్కించడానికి తీసుకెళ్ళే అమ్మాన్ బస్సులో నా వంతు వస్తే వద్దన్నాను. ధైర్యంలోనూ వాడే నన్ను మించాడు. ఆ మాట వాడి ముఖం మీదే చెప్పాలి, వాడి వెనక కాదు.

నిన్న లారీ డ్రైవరు నూర్ మహమ్మద్ బస్రా నుంచి దుర్గారావు రాసిన చీటీ తెచ్చాడు. పొగగొట్టాలు మొదటిసారికే నిలిచాయట. పని ఖలాస్, అయిపోయిందట. వాడు తిరిగొచ్చేది 1990 అక్టోబరు 7, ఆదివారం.