బేస్‌మెంట్‌లో ఆయుధపూజ

మాది కెనడాలోని విండ్సర్. యాభై దాటాక నాకు రైఫిల్ షూటింగ్ మీద మనసైంది. సేఫ్టీ కోర్సు పాసై లైసెన్సుకి అప్లై చేశాను. దానికి భర్త సంతకం కూడా అడుగుతారు. మావారు మారుమాట లేకుండా పెట్టారు. తర్వాత, కాల్చేసిన తూటాల తొడుగుల్లో మళ్లీ మందు నింపుకునే ప్రెస్సు కొని బేస్‌మెంట్‌లో బల్లకి బిగించాను.

పోయిన దసరాకి, మహర్నవమినాడు, కారుకి పెట్టినట్టే ఆ ప్రెస్సుకీ పసుపు రాసి బొట్టు పెట్టాను. రైఫిలూ మందూ తాళంలో ఉన్నాయి గానీ, సాయంత్రం పేరంటానికొచ్చేవాళ్లకి భోజనాలు అక్కడేనన్న సంగతే మరిచిపోయాను.

అందరిలోకీ పెద్దావిడైన ఆంటీ ఒకరు దాన్ని చూసి ఏమిటని అడిగారు. చెప్పాను. తింటున్నవాళ్లంతా ఆగిపోయారు.

"ఆడది గరిటె పట్టుకోవాలి గానీ, ఇదేం పిచ్చమ్మా?" అన్నారావిడ.



"అమ్మవారి చేతిలో గరిటె ఉందా ఆంటీ?"

"ఎందుకు లేదు? అన్నపూర్ణమ్మకి ఉందిగా."

"ఆ అలంకారం మొన్న అయిపోయింది. ఇవాళ మహిషాసురమర్దిని. ఆ తల్లి చేతుల్లో ఏమున్నాయో పైన పూజగదికెళ్లి చూసి రండి."

ఆవిడ వెళ్లలేదు. పులిహోర మాత్రం మళ్లీ వడ్డించుకున్నారు.

ఎవరో ఏదో అనుకుంటారని దాచుకునే వయసు నాది కాదని ఆరోజే తెలిసింది. ఈ దసరాకీ ఆంటీని పిలుస్తాను. భోజనాలు బేస్‌మెంట్‌లోనే.