ప్రసన్నకుమారి మూడో సంజాయిషీ

ప్రసన్నకుమారి ఉద్యోగం పేరు ల్యాబ్ అసిస్టెంటు. అమలాపురానికి ఆరు కిలోమీటర్ల దూరంలో, కొబ్బరిచెట్లు కొట్టేసి కట్టిన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు పాడైతే బాగుచెయ్యడం, బాగుంటే దుమ్ము తుడవడం, రెండూ కానప్పుడు గోడవారగా నిలబడడం ఆమె పని. రాజోలులో లెక్కల మేష్టారి కూతురు. ఎమ్‌సీయే ఫస్టు క్లాసులో పాసైంది. పదకొండేళ్లుగా ఏటా జూన్‌లో కాంట్రాక్టు కాగితం కొత్తది తెచ్చుకుంటూ, పొద్దున్నే బస్సెక్కి వస్తోంది. ఇంట్లో తల్లి ఎలీసమ్మకి మందులు, కూతురు శారోన్‌కి చదువు, అన్నిటికీ ఆ ఒక్క జీతమే.

ఆ కాలేజీలో ఒక రూలుంది. ఫైల్లో మూడు సంజాయిషీలు పడ్డ కాంట్రాక్టు మనిషికి జూన్‌లో ఆర్డరు రాదు. ప్రసన్నకుమారి ఫైల్లో అప్పటికే రెండున్నాయి.

మొదటిది నిజం రాసినందుకు. తనిఖీకి వచ్చినవాళ్లు ఇరవైనాలుగు కంప్యూటర్లలో ఎన్ని పనిచేస్తున్నాయని అడిగితే అందరూ ఇరవైనాలుగన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు ఈమె స్టాకు రిజిస్టరులో పద్దెనిమిది అని రాసింది. కంప్యూటర్ల విభాగానికి హెడ్డు గంగాధర్ గారు ఎంతో బాధపడ్డారు. "నిజం రాయడానికి మీకు స్టాకు రిజిస్టరే దొరికిందా అమ్మా?" అన్నారు.

రెండోది పైథాన్ గురించి. పైథాన్ అంటే పిల్లలు ప్రోగ్రాములు రాసే భాష. దాన్ని ముందు కంప్యూటర్లో ఇన్‌స్టాల్ చెయ్యాలి. పిల్లలు కూర్చుని టైపు చేసే అప్లికేషన్ వేరే ఉంటుంది, దానికి ఏ పైథాన్ చూపిస్తే దానితో పనిచేస్తుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు. చిక్కల్లా, ఆ కాలేజీలో ఒక్కో కంప్యూటర్లో ఐదు పైథాన్లున్నాయి. మొదటిది కాలేజీ నడిపే కరస్పాండెంటు గారి బావమరిది వేయించారు. రిబ్బను కట్ చేసి, కొబ్బరికాయ కొట్టి, మానిటర్ల మీద పసుపునీళ్లు జల్లి మరీ వేయించారు. తరవాత వచ్చిన ప్రతి హెడ్డూ తన హయాంలో ఒకటి వేయించాడు గానీ, ముందున్నది తీయించే సాహసం ఎవరూ చెయ్యలేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని ఎప్పుడెళ్తారని అడగని సీమ ఇది. పెద్దలు పెట్టించిన పైథాన్ని పొమ్మంటామా? అప్లికేషన్‌కి మాత్రం ఈ మర్యాదలేవీ తెలీవు. మొట్టమొదట కంటబడిన పైథాన్నే పట్టుకుంది. అంటే బావమరిది గారిదాన్ని.

కిందటేడు ప్రసన్నకుమారి ఒక్క కంప్యూటర్లో ఆ ముసలి పైథాన్ని తీసేసింది. అరగంటలో కరస్పాండెంటు గారికి కబురు చేరింది. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టే మనిషని పేరొచ్చింది. దాన్ని మళ్లీ వేయించి, రెండో సంజాయిషీతోపాటు ల్యాబ్ తలుపు మీద ఒక కాగితం కూడా అంటించారు: "ల్యాబ్ అసిస్టెంట్లు సెట్టింగ్స్ జోలికి పోరాదు."

ఈ ఏడు యూనివర్సిటీ వాళ్లు సిలబస్ మార్చి, పైథాన్‌తో గ్రాఫులు గీయించాలన్నారు. గ్రాఫులకి కావలసిన సరంజామా అంతా ఐదో పైథాన్లోనే ఉంది. అప్లికేషన్ ఇంకా మొదటిదాన్నే పట్టుకు వేళ్లాడుతోంది. ఆమె రెండుసార్లు హెడ్డు గారికి చెప్పబోయింది. "సార్, ఓసారి సెట్టింగ్స్‌లో చూస్తే బాగుంటుందేమోనండీ..."

"నేను చూసేనమ్మా," అన్నారాయన. గంగాధర్ గారు కీబోర్డు మీద వేలు పెట్టకుండా బోర్డు మీద సుద్దముక్కతో ఏడాదంతా పైథాన్ చెప్పగల సమర్థులు. ఆయన చూశానంటే చూసినట్టే. ఆమె ఆయ్ అని ఊరుకుంది.

ప్రాక్టికల్ పరీక్షల రోజు రానే వచ్చింది. కాకినాడ వైపు నుంచి ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరుగా భవానీదేవి గారు వచ్చారు. పదింటికి పద్దెనిమిది మంది పిల్లలు పద్దెనిమిది కంప్యూటర్ల ముందు కూర్చుని ప్రోగ్రాము రాసి నడిపించారు. పద్దెనిమిది తెరల మీదా ఎర్రటి అక్షరాలు పడ్డాయి. గ్రాఫుల సరంజామా ఎక్కడా లేదు పొమ్మంది అప్లికేషన్.

గంగాధర్ గారు అన్నీ ఆపి మళ్లీ పెట్టించారు. అవే ఎర్ర అక్షరాలు. ఆరో పైథాన్ వేయిద్దామన్నారు. నెట్టు రాలేదు. భవానీదేవి గారు గడియారం చూసుకుని, పదకొండున్నరలోగా నడవకపోతే పరీక్ష జరగలేదని రాసుకుని వెళ్లిపోతానన్నారు.

కోనసీమలో మనిషి పీక కోసేటప్పుడు కూడా ముందు కొబ్బరినీళ్లిస్తారు. హెడ్డు గారు ప్రసన్నకుమారిని వరండాలోకి పిలిచి, ఎగ్జామినరు కోసం కొట్టించిన బొండాల్లో ఒకటి చేతికిచ్చారు.

"ఏమీ అనుకోకండమ్మా. మేడమ్ గారికి మనం ఏదో ఒకటి చూపించాలి కదండీ. ఓ సంజాయిషీ రాసిచ్చెయ్యండి, కంప్యూటర్లు సరిగ్గా చూసుకోలేదని."

"అది మూడోదవుతుందండీ సార్."

"అవుతుందండి," అన్నారాయన, నిజంగానే జాలిపడుతూ. "ఏం చేస్తాం చెప్పండి."

ఆమె బొండం కింద పెట్టి, ప్యూను స్టూలు మీద కూర్చుని కాగితం తీసింది. అలవాటు ప్రకారం "పొరపాటు మన్నించగలరు" అని మొదలుపెట్టబోయింది. తను చెయ్యని పొరపాటుకి తల్లీ కూతురూ ఇద్దరి కడుపూ కొట్టబోతున్నానని తోచేసరికి ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లలో ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు. సంజాయిషీలే అడిగారు. అడిగారు గనక చెప్తానని రాయడం మొదలుపెట్టింది.

పది నిమిషాల్లో కాగితం హెడ్డు గారి చేతిలో పడింది. ఆయన సంతకం ఉందో లేదో చూశారంతే. సంజాయిషీలు ఫైలు చెయ్యడానికి గానీ చదవడానికా? తిన్నగా తీసుకెళ్లి భవానీదేవి గారికిచ్చి, "బాధ్యుల చేత రాయించేనండీ మేడమ్," అన్నారు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చదివారు. మళ్లీ చదివారు. లేచి మొదటి వరసలో కూర్చున్న పిల్లని పక్కకి జరగమని, కాగితం చూసుకుంటూ మౌసు నాలుగుచోట్ల నొక్కారు. తెర మీద గ్రాఫు వచ్చింది. అప్పుడావిడ ల్యాబు మధ్యకొచ్చి నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"గౌరవనీయులైన విభాగాధిపతి గారికి. తమ ఆజ్ఞ ప్రకారం నేను సెట్టింగ్స్ ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఈ క్రింది విధంగా ముట్టుకుని ఉండేదాన్ని. మొదట అప్లికేషన్‌లో సెట్టింగ్స్ తెరిచి ఉండేదాన్ని."

పద్దెనిమిది మంది తెరిచారు.

"పైథాన్ ఎక్కడుందో చూపించే గడిలో అన్నిటికన్నా పాత ఫోల్డరు పేరు ఉండడం గమనించి ఉండేదాన్ని. దాని బదులు కొత్త పైథాన్ ఫోల్డరు ఎంచుకుని ఉండేదాన్ని."

"ఎంచుకున్నామండీ!" అన్నారు పిల్లలు.

"అప్లికేషన్ మూసి, మళ్లీ తెరిచి ఉండేదాన్ని. పాతవాటిని తీసి ఉండేదాన్ని కాను. పెద్దల పైథాన్లు ఎక్కడివక్కడే క్షేమంగా ఉండేవి. ఈ పనికి నాలుగు నిమిషాలు పట్టి ఉండేది. ఇట్లు, తమ విధేయురాలు."

ఆరు నిమిషాలు పట్టింది, వెనక బెంచీవాళ్లకి ఫోల్డరు దొరక్క. పద్దెనిమిది తెరల మీదా గ్రాఫులు లేచాయి.

"మా డిపార్ట్‌మెంట్‌లో ప్రతిదీ రాతపూర్వకంగా ఉంటుందండీ మేడమ్," అన్నారు గంగాధర్ గారు తడుముకోకుండా.

భవానీదేవి గారు ఆయన వైపు చూడలేదు. గోడవారగా ఉన్న మనిషిని దగ్గరికి పిలిచారు. "ఇంత తెలిసినదానివి ముందే చెప్పలేదేమమ్మా?"

"చెప్పబోతే వినేవారు కాదండీ. సంజాయిషీ అడిగేరు, అందులో చెప్పేను." ఆమె అక్కడితో ఆగలేదు. "అది ఫైల్లో పడితే జూన్‌లో నాకు ఉద్యోగం ఉండదండీ. దాని ప్రకారం చేస్తే పనిచేసిందని కింద ఓ ముక్క రాసి సంతకం పెట్టండి, మేడమ్ గారూ."

"సంజాయిషీ మీద ఎక్స్‌టర్నల్ సంతకం పద్ధతి కాదమ్మా," అన్నారు గంగాధర్ గారు నవ్వు మొహంతో.

"పద్ధతి నాకూ తెలుసండీ సార్. ఆ పద్ధతిలోనే పోబోతున్నాను కదండీ," అంది ప్రసన్నకుమారి. ఆ మాట అన్నాక భయం వేసింది, భయంకన్నా ఎక్కువ సంతోషం వేసింది.

భవానీదేవి గారు పెన్ను తీసి, తారీకుతో సహా రెండు లైన్లు రాసి సంతకం చేశారు.

ఆ కాగితం ఆఫీసులో గుమాస్తా నూకరాజుని మూడు రోజులు తిప్పలు పెట్టింది. ఆఖరికి ఆమెకే తెచ్చిచ్చాడు. "తప్పుల ఫైల్లో పెడదామంటే కింద మెచ్చుకోలు ఉందండీ. మెచ్చుకోళ్ల ఫైలంటూ మన కాలేజీలో లేదండి. మీ దగ్గరే ఉంచండి."

జూన్‌లో ఆర్డరు వచ్చింది.

జూలైలో మార్కులెక్కించే అప్లికేషన్ మొరాయించింది. దానికి జావా అనే భాష కావాలి, అదీ పాతదే కావాలి. ఎవరో కొత్తది వేయిస్తే ఇది దాన్ని పట్టుకుని కూర్చుంది. సాయంత్రంలోగా మార్కులు వెళ్లకపోతే హెడ్డు గారికే మెమో వస్తుంది. గంగాధర్ గారు ల్యాబులోకి వచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించారు.

"ఏమీ అనుకోకపోతే, దీనిక్కూడా ఓ సంజాయిషీ రాసిపెడతారా అమ్మా?"

"రాయనండీ సార్," అంది ప్రసన్నకుమారి, కంప్యూటరు ముందున్న కుర్చీ ఆయన వైపు జరుపుతూ. "నోటితోనే చెప్తాను. మీరిలా కూర్చుని మౌసు పట్టుకోండి."

గంగాధర్ గారు కూర్చున్నారు.